చిలుము కింద ఎరుపు

ఇలా దగ్గరికి జరుగు. ఆ కిటికీ పక్కన కూర్చుంటే నా మాట సగం వీధిలోకి పోతుంది, నీకు సగమే అందుతుంది. కాళ్ళు ముడుచుకో, దుప్పటి నీ వైపు లాక్కో. కాజాలమ్మ సంగతి చెబుతాను, మధ్యలో లేవకుండా విను.

కాజాలమ్మ అన్నది ఆమె అసలు పేరు కాదు. చొక్కాలకి గుండీలు దూరే కంతలుంటాయే, వాటిని కాజాలంటారు. దర్జీలు కుట్టిన చొక్కాలన్నీ మూటగట్టి ఆమె ఇంటికి పంపితే, ఆమె కాజాలు కుట్టి పంపేది. మిషన్లు వచ్చి చాలామంది కడుపు కొట్టాయి గానీ, ఖరీదైన బట్టకి మాత్రం ఆమె చెయ్యే కావాలనేవాళ్ళు. ఆమె కుట్టిన కాజా లోపలి నుంచి చూసినా, బయటి నుంచి చూసినా ఒకేలా ఉండేది.

ఆమె భర్త గడియారాలు బాగుచేసే మేస్త్రి. ఇంటి ముందుగదే ఆయన దుకాణం. మనిషి మంచివాడే కానీ మాటకి మహా పిసినారి. భోజనం బాగుంటే ఇంకోసారి వడ్డించుకునేవాడు, బాగాలేకపోతే నీళ్ళు తాగి లేచేవాడు. ఆయనకి ఒక్కటే పిచ్చి, పాత నాణేలు. అలాగని బంగారంవీ వెండివీ కాదు. రాగివి, కంచువి, అందులోనూ ఎర్రవి.

నాణేలు ఎర్రగా ఉండటమేమిటంటావా, చెబుతాను. రాగి నాణెం ఎన్నో వందల ఏళ్ళు మట్టిలో పడి ఉంటే దాని మీద ఆకుపచ్చ చిలుము పట్టి, పెచ్చు కట్టి రాయిలా గట్టిపడుతుంది. అన్నిటికీ కాదు గానీ, అది పడుకున్న మట్టిని బట్టి కొన్నిటికి ఆ పెచ్చు కింద ఇంకో పొర ఉంటుంది. ఎర్రటి పొర. ఒకదానిది ఇటుక ఎరుపు, ఒకదానిది దానిమ్మ గింజ ఎరుపు, ఒకదానిది గాయం మీద ఎండిన నెత్తురు రంగు. ఆ పొర కాగితం కన్నా పల్చన. బూడిదతో తోమితే పోతుంది, యాసిడ్‌లో ముంచితే పోతుంది. పోయిందంటే మళ్ళీ రావడానికి ఇంకెన్ని వందల ఏళ్ళు మట్టిలో పడుకోవాలో. అందుకని నాణేన్ని బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్లో నానేసి, రోజూ నీళ్ళు మార్చి, మెత్తబడ్డాక సూదిమొనతో పైపెచ్చును రవ్వ రవ్వగా గీకాలి.

వెతికి కొనుక్కొచ్చేది ఆయన. గీకేది ఆమె. వెలుతురు బాగా వచ్చే మధ్యాహ్నాల్లో ఆయన బల్లకి ఒక పక్కన ఆయన గడియారం విప్పుకుంటే, ఇంకో పక్కన ఆమె నాణెం పట్టుకునేది. ఇంటికొచ్చిన వాళ్ళు చెక్క పళ్ళేల్లో వరసగా ఉన్న ఎర్ర నాణేలు చూసి "ఎంత ఓపికండీ మీకు" అని ఆయన్నే మెచ్చుకునేవాళ్ళు. ఆయన అవుననీ కాదనీ అనేవాడు కాదు. ఆమె టీ తెచ్చి పెట్టేది.

అటువంటి మనిషి ఒక వానాకాలంలో ఆస్పత్రిలో చేరాడు. చేరడానికి ముందే ఒక నాణెం తెచ్చి నీళ్ళలో వేశాడు. దాని అంచున పెచ్చు కాస్త ఊడి, గసగసాలంత ఎరుపు కనబడుతోంది. "లోపల ఉంది" అన్నాడు. అంతకు మించి ఆయన ఏనాడూ ఏ నాణెం గురించీ అనలేదు. ఆస్పత్రిలో ముక్కుకి గొట్టం పెట్టి ఉండగా కళ్ళు తెరిచి ఆమెని అడిగిన మాట, "బయటపడిందా?" అని.

"ఇంకా లేదు" అంది.

ఆయన తలూపి కళ్ళు మూసుకున్నాడు. తర్వాత ఇంకేమీ అడగలేదు.

ఆయన పోయినప్పుడు కాజాలమ్మ ఏడవలేదు. మొదట అందరూ షాక్ అన్నారు. తర్వాత గుండె రాయి అన్నారు. ఆమె మాత్రం వేళకి లేచేది, వేళకి తినేది, నాణెం ఉన్న గిన్నెలో నీళ్ళు మార్చేది. ఎవరైనా చెయ్యి పట్టుకుని ఓదారిస్తే వాళ్ళు వదిలేదాకా ఆ చెయ్యి వాళ్ళకే అప్పగించి కూర్చునేది. లోపల వెతుక్కుంటే ఏమీ దొరకలేదు. సామాను తీసేసిన గదిలోకి వెళ్ళినట్టుండేది.

వేళ్ళు కూడా అలాగే అయ్యాయి. ఒకరోజు పొయ్యి మీది గిన్నె ఉత్తచేత్తో దించింది. కాలిన వాసన వస్తే ఏం మాడిందా అని చూసుకుంటే, తన బొటనవేలే. డాక్టరు సూదితో వేళ్ళ కొసలు పొడిచి, "తెలుస్తోందా?" అని అడిగాడు. "గుచ్చుతున్నారని కనబడుతోంది" అంది. నరాల జబ్బు అన్నాడు, మందు రాశాడు. మందు వేసుకుంది. వేళ్ళు మాత్రం వేరేవాళ్ళ వేళ్ళలాగే ఉండిపోయాయి.

ఆమెకి తోడుగా ఆడపడుచు వచ్చి దిగింది. మేస్త్రి చెల్లెలు. చిన్నప్పటి నుంచీ ఆమెకి అన్న పెట్టిన పేరు అలారం. ఎందుకంటే నెత్తిన చెయ్యి వేసి నొక్కితే తప్ప మోత ఆగదని. వాళ్ళ నాన్నా గడియారాల మేస్త్రే. అన్నాచెల్లెళ్ళిద్దరూ ఆ టిక్కుటిక్కుల మధ్యే పెరిగారు. అన్నకి రాని మాటలన్నీ ఈమెకే వచ్చినట్టున్నాయి.

అలారం వచ్చీరాగానే దుకాణంలో ఆగిపోయిన గోడ గడియారాలన్నిటికీ కీ ఇచ్చింది.

"ఎందుకవన్నీ?" అంది కాజాలమ్మ.

"ఇంట్లో చప్పుడు లేకపోతే నాకు అన్నం దిగదు వదినా. నువ్వు మాట్లాడవు, గోడలు మాట్లాడవు. ఇవైనా మాట్లాడనీ."

"నువ్వున్నావుగా."

"నేను ఊపిరి తీసుకునేటప్పుడైనా ఎవరో ఒకరు మాట్లాడాలి కదా."

కాజాలమ్మకి నవ్వు రాలేదు. ఇది నవ్వాల్సిన మాట అని మాత్రం తెలిసింది.

అలా ఉండగా భూతద్దం గారు వచ్చారు. పోస్టాఫీసులో చేసి రిటైరైన పెద్దమనిషి, మేస్త్రికి నాణేల స్నేహితుడు. జేబులో పెన్నుండాల్సిన చోట భూతద్దం ఉంటుంది కాబట్టి ఆ పేరు. మ్యూజియం వాళ్ళు మేస్త్రి పళ్ళేలన్నీ అద్దాల బల్లలో పెట్టడానికి ఒప్పుకున్నారని చెప్పి, చివరి పళ్ళెం చూసి ఆగారు. అందులో ఒక గుంత ఖాళీగా ఉంది.

"ఇది ఆ నీళ్ళలో ఉన్నదానిదేనా చెల్లెమ్మా?"

"అవునన్నయ్యగారూ."

"వచ్చే వారం పట్టుకెళ్ళాలి. నీ చేతులు బాగాలేవని విన్నాను. పోనీ నాకిచ్చెయ్యి, నాకు తెలిసిన పాలిష్ కుర్రాడున్నాడు. యాసిడ్‌లో ఒక్క ముంచు ముంచితే..."

"ఎరుపు పోతుంది."

"పోతుందనుకో. నాణెం మిగులుతుంది కదా. గుంత ఖాళీగా ఉండదు."

"నేను చేస్తాను" అంది కాజాలమ్మ.

చేస్తానని ఎందుకంది అంటే, ఆశ ఉండి కాదు. ఆస్పత్రిలో భర్త అడిగిన మాటకి తను ఇచ్చిన జవాబు 'ఇంకా లేదు' అన్నది. నాణెం ఇచ్చేస్తే ఆ జవాబు అలాగే మిగిలిపోతుందని తెలుసు. దుఃఖంలా కాదు. విప్పి వదిలేసిన మూటలా, దారిలో అడ్డంగా.

ఆ మధ్యాహ్నమే బల్ల దగ్గర కూర్చుంది. నాణేన్ని బట్ట మీద పెట్టి, చెక్క పిడికి బిగించిన సూది తీసుకుంది. ఆ పనిలో కళ్ళని నమ్మడానికి లేదు. పెచ్చు, దాని పొడి, తడి, అన్నీ కలిసి ఎక్కడ ఏముందో గడియారాల భూతద్దంలో కూడా తేలదు, తేలేసరికి సూది దాటిపోతుంది. ఇన్నాళ్ళూ ఆమె వేళ్ళతోనే చేసింది. పెచ్చు మీద సూది గరగరలాడుతుంది, ఎరుపు తగలగానే నున్నగా జారుతుంది. ఆ జారడం వేలికొసకి తెలిసేది. ఇప్పుడు సూది పట్టుకుందో లేదో కూడా చూసుకుంటే గానీ తెలియడం లేదు.

కాసేపు గీకి, తుడిచి, అద్దంలో చూసింది. అంచు దగ్గర చిన్న చుక్క కొత్త ఇత్తడిలా తళుక్కుమంటోంది. పెచ్చూ పోయింది, ఎరుపూ పోయింది. సూది లోహం దాకా వెళ్ళింది.

సూది కింద పెట్టింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పాడుచేశాను అనుకుంది. అనుకుంటే కడుపులో ఏదో ఒకటి కదలాలి కదా, కదల్లేదు.

మర్నాడు మళ్ళీ కూర్చుంది. అలారం ఎదురుగా కుర్చీ లాక్కుని, పక్కింటి వాళ్ళ పెళ్ళిచూపుల కథ ఎత్తుకుంది. "పిల్లాడు వచ్చాడట వదినా, కూర్చున్నాడట, నీళ్ళిచ్చారట, తాగాడట. ఇంకో గ్లాసు అడిగాడట. మూడో గ్లాసు కూడా అడిగాడట. పిల్ల వాళ్ళమ్మ లోపలికెళ్ళి, ఏమండీ ఈ అబ్బాయి మన పిల్లని చూడ్డానికొచ్చాడా, మన కుళాయిని చూడ్డానికొచ్చాడా అని... ఆగు."

"ఏమంది?"

"కాదు, నువ్వు. నువ్వాగు వదినా."

కాజాలమ్మ సూది ఎత్తింది. "ఏం?"

"దాని గొంతు మారింది."

"దేని గొంతు?"

"నువ్వు గీకుతున్నదాని గొంతే. ఇందాకటి నుంచి గరగరమంటోంది, ఇప్పుడు సన్నగా కిచ్చుమంది. నీకు వినబళ్ళేదా?"

కాజాలమ్మ పొడి ఊది, అద్దం పెట్టి చూసింది. సూది ఆగిన చోట, ఆకుపచ్చ మధ్యలో, దానిమ్మ గింజ రంగు చుక్క. చెక్కు చెదరలేదు.

"మళ్ళీ చెప్పగలవా?" అంది.

"గడియారాలు కొట్టుకుంటుంటే కష్టం" అంది అలారం. అని, తన మాట తనకే వింతగా తోచి, లేచి వెళ్ళి తాను కీ ఇచ్చిన గడియారాల లోలకాలన్నీ ఒక్కొక్కటే చేత్తో పట్టి ఆపింది. చివరిదాని దగ్గర నిలబడిపోయింది. "అన్నయ్య ఇలాగే ఆపేవాడు కదూ, నువ్వు పనికి కూర్చున్నప్పుడు?"

ఆపేవాడు. కాజాలమ్మ అదంతా ఆయన చాదస్తమనుకునేది. ఆయన వీపు తిప్పి కూర్చుని తన పని చేసుకుంటూ, మధ్య మధ్య తల ఎత్తకుండానే "చాలు" అనేవాడు. ఆమెకి ఒళ్ళు మండేది. కాజాలు కుట్టిన చేతికి చాలు చెప్పేవాడివా అని ఒకసారి పైకే అనేసింది కూడా. ఆయన మళ్ళీ కాసేపటికి "చాలు" అన్నాడు. అన్ని పళ్ళేల్లోని అన్ని నాణేలూ తన వేళ్ళే తీశాయని ఆమె నమ్మకం. ఆయన చెవి కూడా ఆ సూది చివరే ఉండేదని ఇప్పుడు తెలిసింది. తెలిసి, సరే అనుకుంది. ఎవరో వచ్చి మీ ఇంటి వెనక ఇంకో తలుపుందండీ అని చెప్పినట్టుంది. చూసింది. అవును, ఉంది.

"కూర్చో. నోరు మూసుకోగలవా?" అంది.

"ప్రయత్నిస్తాను. చచ్చిపోతే నీదే పూచీ."

నోట్లో నువ్వుగింజ నానని మనిషి, ఆ వారమంతా మధ్యాహ్నాలు పెదాలు బిగించి కూర్చుంది. ఒకసారి తుమ్ము వస్తే ముక్కు నలుపుకుంటూ పెరట్లోకి పరిగెత్తి తుమ్మి వచ్చింది. పాలవాడు తలుపు కొడితే సైగలతో తరిమింది. కాజాలమ్మ చెయ్యి నడిపేది, అలారం చెవి ఒగ్గేది, "ఆగు" అనేది. కాజాలమ్మ ఆగి, సూది రవ్వంత పక్కకి జరిపేది. మొదటి రోజుల్లో అలారం అన్నాకే ఆగేది. తర్వాత తర్వాత, అలారం నోరు తెరవబోతుండగానే ఆమె చెయ్యి ఆగిపోయేది. ఆ సన్నటి చప్పుడు ఆమెకీ పట్టుబడింది.

నాణెం మీద ఒక ముఖం బయటపడింది. ఎవరిదో, మగదో ఆడదో కూడా అరిగిపోయి తెలియలేదు. ముఖమంతా ఎరుపే. చెంప దగ్గర ముదురు, నుదుటి దగ్గర లేత. అంచున ఆ ఇత్తడి చుక్క మాత్రం అలాగే ఉంది.

చివరి పెచ్చు రాలాక కాజాలమ్మ నాణేన్ని బట్టతో అద్ది, బల్ల మీద పెట్టింది.

"బయటపడింది" అంది. గట్టిగా కాదు, మెల్లగా కాదు, నీళ్ళు కాగాయి అని చెప్పినట్టు.

అలారం గోడవైపు తిరిగి ఏడ్చింది. అన్న పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. అప్పుడు ఏడుస్తూ మాట్లాడింది, ఇప్పుడు మాట లేదు. కాజాలమ్మ లేచి ఆమె వీపు మీద చెయ్యి వేసింది. ఆ వీపు వెచ్చగా ఉందో లేదో ఆమె వేళ్ళకి తెలియలేదు. కదులుతోందని తెలిసింది. అది ఆగేదాకా చెయ్యి తియ్యలేదు.

భూతద్దం గారు వచ్చి, కూర్చోకుండానే అద్దం తీసి చూశారు. చాలాసేపు చూశారు.

"ఈ చుక్క..." అన్నారు.

"నావల్ల పోయింది."

"కొంచెం రంగు అద్దితే కలిసిపోతుంది చెల్లెమ్మా. ఎవరికీ తెలియదు."

"వద్దు. పోయింది పోయినట్టే ఉండనీయండి."

ఆయన నాణేన్ని గుంతలో పెట్టి, పళ్ళేలన్నీ గుడ్డల్లో చుట్టించి, రిక్షాలో ఎక్కించుకుని వెళ్ళారు. బల్ల ఖాళీ అయింది. కాజాలమ్మ దాన్ని తుడిచింది.

"నేనూ రేపు బయల్దేరతాను వదినా. మా ఆయన వంటింటిని ఏం చేశాడో ఏమో."

"వెళ్ళు. గురువారం రా."

"గురువారం ఏముంది?"

"ఏమీ లేదు. భూతద్దం గారి దగ్గర గీకనివి ఒక సంచీ నిండా ఉన్నాయి. తెచ్చిపెట్టమన్నాను."

అలారం ఆమె ముఖంలోకి చూసింది. అక్కడ కొత్తగా ఏమీ లేదు. "నోరు మూసుకుని కూర్చోవాలా మళ్ళీ?"

"ఊపిరి తీసుకోవచ్చు" అంది కాజాలమ్మ.

ఇంతే. నువ్వూ పెద్దయ్యాక ఎవరినో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని ఇది చెప్పాలి, మర్చిపోకు. పాలవాడిని తరిమింది చెప్పు, తుమ్ము సంగతి చెప్పు, కావాలంటే నీకు నచ్చిన ఎరుపు పెట్టు ఆ నాణేనికి. కానీ వినేవాళ్ళు చివర్లో తప్పకుండా అడుగుతారు, అప్పుడైనా కాజాలమ్మ ఏడ్చిందా అని. ఏడిస్తే కథ బాగుంటుందని నీకూ అనిపిస్తుంది. అయినా సరే, లేదనే చెప్పు.