అత్తయ్యగారి మోకాళ్లు

కందిపొడి మిక్సీలో తిప్పుతుంటే నాకు కళ్లమ్మట నీళ్లొచ్చాయి. ఎండుమిరపకాయల ఘాటు అనుకున్నారు ఇంట్లో అందరూ. నేనూ అలాగే అనుకోనిచ్చాను. ఆ పొడి కొరియా వెళ్తోంది. దాని వెంట పులిహోర పేస్టు, అటుకుల మిక్చరు, కాఫీపొడి, అరచేతిలో పట్టే స్టీలు ఫిల్టరు వెళ్తున్నాయి. వీటన్నిటినీ వెంటేసుకుని మా అత్తయ్యగారు సుగుణమ్మ వెళ్తున్నారు. వెళ్లనిదాన్ని నేనొక్కదాన్నే. నేను సిడ్నీలో, ద పాండ్స్ అనే పేటలో, ఈ వంటింట్లోనే ఉంటాను.

మా ఆయన శ్రీపతి ఆఫీసు పని మీద వారం రోజులు సియోల్ వెళ్లాల్సి వచ్చింది. ఆ మాట ఆయన నోటి వెంట రాగానే నా గుండె ఎగిరి గంతేసింది. ఎందుకంటే ఈ ఇంట్లో కొరియన్ సీరియళ్ల పిచ్చి మొదట పట్టింది నాకే. కొండంత బట్టలు ముందేసుకుని మడతలు పెడుతూ చూసేదాన్ని. కథలో ఎవరు ఎవర్ని ప్రేమించారన్నది నాకు పెద్దగా పట్టేది కాదు. మధ్యమధ్యలో కొండలు చూపించేవాళ్లు. ఎర్రగా పండిన ఆకుల కింద ఒక ఆడమనిషి వీపున సంచీ తగిలించుకుని, ఎవరికీ ఏమీ చెప్పకుండా నడిచి వెళ్లిపోయేది. అక్కడ మాత్రం నా చేతులు ఆగిపోయేవి. అత్తయ్యగారికి అలవాటు చేసింది కూడా నేనే. తెర కింద పడే ఇంగ్లీషు మాటలు ఆవిడకి అర్థం కాకపోతే పక్కన కూర్చుని తెలుగులో చెప్పేదాన్ని. అలాంటిది, నేనూ రానా అని నోరు తెరిచేలోపే ఆయన తేల్చేశారు.

"అమ్మని తీసుకెళ్తాను బిందూ. ఆవిడకి కొరియా అంటే ఎంత పిచ్చో నీకు తెలుసుగా. నువ్వొస్తే పిల్లల్ని స్కూల్లో ఎవరు డ్రాప్ చేస్తారు? టర్మ్ మధ్యలో కదా. నువ్వు తర్వాతెప్పుడైనా వెళ్దువుగాని."

తర్వాతెప్పుడైనా. నేను చదవాలనుకున్న కోర్సు అక్కడే ఉంది. మా అమ్మ దగ్గర నెల్లాళ్లు ఉండిరావడం అక్కడే ఉంది. కొరియాని కూడా తీసుకెళ్లి అక్కడే పెట్టాను.

తీరా చూస్తే ఆయనకి అక్కడ రోజంతా మీటింగులే. మరి అమ్మ? హోటల్ గదిలో కూర్చుంటుందా? "మౌంటెన్ నేషనల్ పార్కులకి ప్రైవేట్ టూర్లు ఉంటాయట, ఒక రాత్రి అక్కడే స్టే. గైడ్‌ని పెట్టి పంపిద్దాం. నువ్వు చూడు బిందూ, నువ్వైతే బాగా చేస్తావు." మా ఇంట్లో నన్ను మెచ్చుకున్నారంటే ఏదో పని నా నెత్తిన పడబోతోందని అర్థం. చేశాను. మిన్‌జి అనే గైడ్ అమ్మాయిని వెతికి పట్టుకున్నదీ, వాట్సాప్‌లో మాట్లాడిందీ నేనే. అత్తయ్యగారు మాంసం తినరు, చేప పులుసు వాసన కూడా పడదు, కాఫీ చిక్కగా ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేరు, ఎక్కడికైనా వ్యానులోనో రోప్‌వేలోనో తీసుకెళ్లు అని రెండుసార్లు రాశాను.

ఆ పిల్ల ఒక్కొక్కటే అడుగుతుంటే నా కడుపు మండిపోయింది. వ్యానులో ఏ పక్క కూర్చోవడం ఇష్టం? పొద్దున్నే ఎన్నింటికి లేపమంటారు, అసలు లేపాలా వద్దా? నడిచేటప్పుడు మాటలు కావాలా, నిశ్శబ్దం కావాలా? ఒక్క మనిషి కోసం ఒక వ్యాను, ఒక గైడు, రెండు కొండలు. అలసిపోయారా అని అడగడానికే ఒక మనిషి. ఆ లెక్కన ఈ ఇంట్లో ప్రైవేటు గైడుని నేనే కదా. ఎవరి సాక్సు ఎక్కడున్నాయో, ఎవరు ఏ కూర ముట్టరో అన్నీ నాకే తెలియాలి. జీతం లేదు, రేటింగ్ మాత్రం రోజూ ఇస్తారు. చివర్లో మిన్‌జి, "మరి మీరు ఎప్పుడు వస్తారు? మీకు ఏం ఇష్టం?" అని రాసింది. నేను టైప్ చేయడం మొదలుపెట్టి ఆగిపోయాను. పొద్దున్నే నాకేం తినడం ఇష్టమో నాకే గుర్తు రాలేదు. పిల్లలు ప్లేట్లలో వదిలేసిన టోస్టు అంచులు తినడం ఇష్టమని రాయలేను కదా.

ఇక ఆ మోకాళ్ల గురించి చెప్పాలి. మా ఇంట్లో పడగ్గదులన్నీ పైన. కింద ఒకే ఒక్క చిన్న గది. అది నాది. నేను ఒక కంపెనీకి ఇంటి నుంచి పేరోల్ పని చేస్తాను, దాని కోసం కిటికీ పక్కన డెస్కు వేసుకున్నాను, తలుపు వేసుకుంటే ఎవరూ వచ్చేవారు కాదు. అత్తయ్యగారు వచ్చిన వారానికే "అమ్మ పైకి ఎక్కలేదు బిందూ" అన్నారాయన. అంతే, నా కంప్యూటర్ డైనింగ్ టేబుల్ మీదకొచ్చింది. అప్పట్నుంచి ఫోన్లో మేనేజర్‌తో మాట్లాడుతూ ఉప్మా కలుపుతున్నాను. అత్తయ్యగారు చెడ్డ మనిషి కాదు. గట్టిగా ఒక మాట అనరు. "అమ్మా బిందూ, లేచి నిలబడలేకపోతున్నానే, కాస్త కాఫీ" అంటారు, అంతే. స్కూలు రెండు వీధుల అవతల. మాగ్‌పైలు అనే పిట్టలు నెత్తి మీద పొడిచే కాలంలో కూడా ఆదిత్యనీ సింధుజనీ తెచ్చుకోవడానికి మీటింగ్ మధ్యలో లేచి పరిగెత్తేది నేనే. ఆవిడ మోకాళ్లకి అంత దూరం నడక పడదు.

వాళ్లు వెళ్లిన నాలుగో రోజు మధ్యాహ్నం స్కూలు గేటు దగ్గర నిలబడి ఉంటే ఫోన్ మోగింది. మిన్‌జి ఫోటో పంపింది. సొరాక్‌సాన్ కొండల్లో ఒక పెద్ద బండ ఉందట, ఎంతమంది తోసినా ఊగుతుందే గానీ దొర్లదట. దాని దాకా చేరాలంటే అడవిలో గంట పైన నడవాలి, రాతిమెట్లు ఎక్కాలి. ఆ బండకి రెండు చేతులూ ఆనించి, చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని, నేను కొనిచ్చిన స్పోర్ట్స్ షూలు నేలకి తన్నిపెట్టి తోస్తున్నారు మా అత్తయ్యగారు. తల వెనక్కి వాల్చి నవ్వుతున్నారు. వెనకాల చెట్లన్నీ ఎర్రగా పండి ఉన్నాయి. అవి నా ఆకులు. నేను బట్టలు మడతపెట్టడం ఆపేసి చూసిన ఆకులు.

కింద మిన్‌జి రాసింది: "మీరు చెప్పారని జాగ్రత్తగా తీసుకెళ్దామనుకున్నాను. ఆవిడే నాకంటే ముందు నడిచారు. మోకాళ్ల సంగతి ఫోన్ ట్రాన్స్‌లేటర్లో అడిగితే, అవి సిడ్నీలోనే నొప్పి పెడతాయి, ఇక్కడ కాదు అని నవ్వారు."

నాకు మొదట రావాల్సింది కోపం. వచ్చింది కూడా, కాకపోతే కాస్త ఆలస్యంగా. ముందొచ్చింది అసూయ. కళ్లలో కారం కొట్టినట్టు వచ్చింది. గదీ, కాఫీలూ, పరుగులూ అన్నీ తర్వాతే గుర్తొచ్చాయి. అంతకన్నా ముందు ఆ నవ్వు గుర్తొచ్చింది. ఆ మనిషి మా ఇంట్లో ఏనాడూ అలా నవ్వలేదు. నేనూ నవ్వలేదు. నాకు ఆ నవ్వు కావాలి. ఆవిడ దగ్గర్నుంచి లాక్కోవాలన్నంతగా కావాలి. "మామ్, వై ఆర్ యూ క్రైయింగ్?" అంది సింధుజ. "మాగ్‌పై" అన్నాను. ఆ రెండు రోజులూ మిన్‌జి ఫోటోలు పంపుతూనే ఉంది. రెండో రోజు ఓదేసాన్ కొండల్లో పొడవాటి చెట్ల మధ్య అత్తయ్యగారు ఒక్కరే నడుస్తున్న ఫోటో వచ్చింది. వీపున సంచీ కూడా ఉంది. అచ్చం సీరియల్లో మనిషి. ఆ ఫోటో ఎన్నిసార్లు తీసి చూసుకున్నానో నాకే తెలియదు. మా ఆయనకి మాత్రం ఒక్కటీ పంపలేదు. దాచుకున్నాను. ఆవిడ రానీ, అందరి ముందూ పెడతాను, నా గది నేను తీసుకుంటాను అనుకున్నాను.

తిరిగొచ్చిన రోజు కారు దిగుతూనే ఆవిడ కొడుకు భుజం పట్టుకున్నారు. ఒక్కో అడుగూ ఈడుస్తూ గుమ్మం దాకా వచ్చారు. "మెల్లిగా అమ్మా, మెల్లిగా. బిందూ, ఆ కుర్చీ ఇలా లాగు" అన్నారాయన. లాగాను. ఆయన పెట్టెలు పైకి మోసుకెళ్లగానే నేను ఫోన్ తీసి బండని తోస్తున్న ఫోటో ఆవిడ ఒళ్లో పెట్టాను.

ఆవిడ కళ్లద్దాలు సరిచేసుకుని చూశారు. సిగ్గుపడతారనుకున్నాను. "బాగా తీసిందే ఆ పిల్ల" అన్నారు.

"అత్తయ్యా, మీ నొప్పికి నా గది పోయింది."

ఆవిడ పైకెళ్లే మెట్ల వైపు ఒకసారి చూశారు. తర్వాత గొంతు బాగా తగ్గించి చెప్పారు.

"మా అత్తారింట్లో కూర్చుంటే ఎందుకు కూర్చున్నావని అడిగేవారే బిందూ. ఆఖరికి బియ్యం ఏరేటప్పుడు కూడా, కూర్చునే పనులన్నీ నీకేనా అనేవారు. ఓసారి నూతి దగ్గర జారిపడి మోకాలు వాచింది. రెండ్రోజులు మంచం దిగనివ్వలేదు. మీ మావయ్యగారు తన చేత్తో మంచినీళ్లు తెచ్చిచ్చారు. అదే మొదలు, అదే ఆఖరు కూడా. అప్పుడు తెలిసింది నాకు. ఆడది ఊరికే కూర్చుంటే ఒప్పుకోరు, నొప్పొచ్చి కూర్చుంటే ఒప్పుకుంటారు. వాపు తగ్గిపోయింది. తగ్గలేదని చెప్పాను. ఇప్పటికీ అదే చెప్తున్నాను."

"నాకు చెప్పాల్సింది."

"నీకు చెప్తే నువ్వు లేపుతావుగా" అన్నారు. అన్నాక కొంచెం నవ్వి, "ఈమధ్య నిజంగానే కాస్త లాగుతున్నాయిలే" అని కలిపారు. "వాడికి చెప్తావా?" అని అడిగారు. నేను ఫోన్ తీసుకుని, తెలీదని చెప్పి వంటింట్లోకి వెళ్లిపోయాను.

జాలిపడ్డాననుకుంటారేమో. లేదు. ఇంకా మండుతూనే ఉంది. నాకూ ఒక మోకాలు ఉండాలా? లేకపోతే నడుమో, మైగ్రేనో? మా ఆఫీసులో సెలవు తీసుకోవాలన్నా నేను ప్రతిసారీ ఏదో ఒక రోగం పేరే చెప్తానని అప్పుడు తట్టింది. నీరసంగా ఉంది అనకుండా ఒక్క ఆదివారం కూడా పడుకున్నది లేదు. అంటే ఆవిడ చేసిన పనే నేనూ చేస్తున్నాను, కాకపోతే ఆవిడంత బాగా చేయలేకపోతున్నాను. మర్నాడు పొద్దున కాఫీ తీసుకెళ్తే ఆ గదిలో నా పాత డెస్కు మీది మందుల డబ్బాలన్నీ తీసేసి ఉన్నాయి. డెస్కు తుడిచి ఉంది. ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుని కాఫీ తాగారు. ఆ మధ్యాహ్నం నేను మిన్‌జికి రాశాను. పొద్దున్నే నాకు వేడివేడిగా ఏదైనా ఎవరైనా వండి పెడితే ఇష్టం. లేపొద్దు. మాటలు వద్దు. మెట్లు ఎన్ని ఉన్నా పరవాలేదు.

ఆదివారం భోజనాల దగ్గర చెప్పాను.

"వచ్చే నెల వారం రోజులు సెలవు పెట్టానండీ. కొరియా వెళ్తున్నాను. ఒక్కదాన్నే."

ఆయన ముద్ద ఆపి నా వైపు చూశారు. నిజంగానే కంగారుపడ్డారు. "ఏమైంది బిందూ? ఒంట్లో బాలేదా? స్ట్రెస్సా? జీపీ డాక్టరుకి చూపించుకున్నావా?"

"బాగానే ఉంది. నాకు ఏ నొప్పీ లేదు."

"మరెందుకు?"

"కొండలు ఎక్కడానికి."

"అది కాదు, పిల్లలు? వంట? ఈ మోకాళ్లతో అమ్మ వంటింట్లో నిలబడగలదా చెప్పు. అక్కడ కూడా పాపం వ్యానులోంచే చూసుంటుంది ఆ కొండలన్నీ."

అత్తయ్యగారి చెయ్యి కంచంలో ఆగిపోయింది. ఆవిడ నా వైపు చూడలేదు, నా కంచం పక్కనున్న ఫోన్ వైపు చూశారు. ఒక్క ఫోటో చాలు. తల వాల్చి నవ్వుతున్న ఆ మొహం ఆయనకి చూపిస్తే చాలు, నా వంటిల్లూ నా పిల్లల స్కూలూ అప్పటికప్పుడు ఆవిడ చేతిలో పడతాయి, నేను హాయిగా విమానం ఎక్కొచ్చు. ఇక ఈ జన్మలో ఆవిడని ఎవరూ కూర్చోనివ్వరు. నేను ఫోన్ తీసి బోర్లించి పెట్టాను.

"అత్తయ్య నిలబడలేరండీ" అన్నాను. "మీరు నిలబడండి."

అప్పుడు అత్తయ్యగారు ఎడమచేత్తో మోకాలు రాసుకుంటూ చిన్నగా మూలిగారు.

"అవున్రా శ్రీపతీ, ఇవాళ మరీ లాగేస్తున్నాయి. కాస్త లేచి ఆ పెరుగు గిన్నె ఇలా అందుకో, బిందూకి వెయ్యి."