కాపలా అక్కర్లేని షీట్

రసెల్ నల్లచొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. కాలరు దగ్గరికి వచ్చేసరికి పైనుంచి కేక.

"లినెట్! షీట్ మళ్లీ మొండికేసింది. ఒక్క నిమిషం వచ్చి చూసిపో."

ఆ ఒక్క నిమిషాలతోనే నా కాపురం గడిచిపోయింది. ఇస్త్రీపెట్టె ఆపి మెట్లెక్కాను. కడుపులో నొప్పి ఇంకా తగ్గలేదు, మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. నన్ను చూసి అతను కుర్చీ కాస్త పక్కకి జరిపాడు గానీ లేవలేదు. అది మా పాప నెల్ కోసం అనుకున్న గది. వసంతంలో అతని కంప్యూటర్లన్నీ కిందికి మోసి, గోడలకి లేత పసుపు రంగు వేసింది నేనే. ఆరో నెలలో నెల్ గుండె ఆగిపోయి పుట్టింది. నేను ఆస్పత్రి నుంచి ఒట్టిచేతులతో ఇంటికొచ్చేసరికి కంప్యూటర్లు మళ్లీ పైకి చేరిపోయాయి. "గది ఖాళీగానే ఉంది కదా అని..." అన్నాడు.

రసెల్ చేసేది గుర్రప్పందేలు. బుకీ కొట్టుకి వెళ్లి కాదు, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్ ఎక్స్చేంజ్‌లో. ఫలానా గుర్రం గెలుస్తుందని ఇతను కాస్తే, గెలవదని ఎక్కడో ఇంకొకడు కాస్తాడు. రేట్లు క్షణానికోలా మారిపోతాయి కాబట్టి ఆ పని కంప్యూటర్లో ఒక ఎక్సెల్ షీట్‌కి అప్పగించాడు. అనుకున్న రేటు రాగానే పందెం అదే వేసేస్తుంది. పబ్‌లో దాన్ని "నా సిస్టమ్" అంటాడు. ఫార్ములాలన్నీ రాసింది నేను, బస్సు డిపోలో జీతాల షీట్లు చూసే నేను. "మా ఆవిడకి టైపింగ్ బాగా వచ్చులే," అని అక్కడివాళ్లని నవ్విస్తాడు.

మర్నాడు, గురువారం మధ్యాహ్నం, నెల్ అంత్యక్రియలు. ఆస్పత్రివాళ్లే ఏర్పాటు చేశారు. ఆ సంగతి చెప్పినరోజు రసెల్ తల గోక్కున్నాడు. "గురువారమా? యార్క్‌లో పెద్ద పందేలు ఆరోజే కదా. నేను పక్కన లేకపోతే షీట్ ఏం చేస్తుందో ఎవడికి తెలుసు? ఒక పని చెయ్యి, దానంతటది నడిచేలా చేసిపెట్టు. తప్పకుండా వస్తా."

ఆ మాట పట్టుకుని వేలాడాను. అతను రావాలి. పాపని ఉంచిన పెట్టె పక్కన ఒక్కసారి నిలబడాలి. నెల్ అని ఒక్కసారి అనాలి. అంతకుమించి నేనేమీ అడగలేదు.

షీట్‌కి రెండు జబ్బులున్నాయి. పందెం వెయ్యగానే పక్క గడిలో "వేశాను" అని రాసుకుంటుంది. తర్వాతి రేసు మొదలైనా ఆ మాట అక్కడే ఉండిపోతే, ఇంక తన పని అయిపోయిందనుకుని గమ్మున కూర్చుంటుంది. ప్రతి రేసు తర్వాతా దాన్ని చేత్తో తుడవడానికే రసెల్ మధ్యాహ్నమంతా అక్కడ ఉండేది. రెండో జబ్బు అతనే అంటించాడు, నేను ఆస్పత్రిలో ఉన్నప్పుడు. గుర్రాన్ని పేరుతో కాకుండా వరసలో మూడోది అని రాసిపెట్టాడు. ఆఖరు నిమిషంలో పైన ఉన్న గుర్రం ఒకటి తప్పుకుంటే దాని పేరు జాబితాలోంచి తీసేస్తారు, కిందవన్నీ ఒక్కో గడి పైకి జరుగుతాయి. పందెం పక్క గుర్రం మీద పడుతుంది. ఇవాళ జరిగింది అదే.

మా ఇంట్లో జరిగిందీ అదే. ఒక పేరు తీసేశారు, మిగతావాళ్లందరూ సర్దుకుని కూర్చున్నారు. "లోకం చూడని బిడ్డకి పేరెందుకమ్మాయ్? పేరు పెడితే బెంగ ఎక్కువవుతుంది," అంది మా అత్తగారు మర్లీన్, బిస్కట్ టీలో ముంచుకుంటూ. డిపోలో మేనేజరైతే, "సోమవారానికల్లా వచ్చేస్తావుగా?" అని ఫోన్ చేశాడు, నాకేదో పంటినొప్పి అయినట్టు.

కూర్చుని బాగుచేశాను. వరసతో పని లేకుండా పేరు పట్టుకుని వెతకమని రాశాను. కొత్త రేసు రాగానే పాత మాట దానంతటదే చెరిగిపోయేలా చేశాను. ఆ మధ్యాహ్నం పందేలమీద ఇద్దరం పరీక్షించి చూశాం. ఒక గుర్రం తప్పుకుంది కూడా. షీట్ తొణకలేదు.

"అబ్బ! నువ్వు మామూలుదానివి కాదే," అన్నాడు రసెల్.

"రేపు కాపలా అక్కర్లేదు కదా?"

"అస్సలు అక్కర్లేదు."

కిందికి దిగి కాలరు ఇస్త్రీ ముగించాను. ఎంత సంతోషపడ్డానో తలుచుకుంటే ఇప్పుడు ఏడుపొస్తుంది.

గురువారం నేను తయారై పైకి వెళ్లేసరికి అతను బనీనుతో కూర్చుని ఉన్నాడు. చొక్కా తలుపుకి వేలాడుతోంది.

"టైమవుతోంది రసెల్."

"నువ్వు వెళ్లు."

"ఏం, మళ్లీ పాడైందా?"

"లేదు లేదు, బ్రహ్మాండంగా నడుస్తోంది." తెర మీదనుంచి చూపు తిప్పలేదు. "అలాగని ఒంటరిగా వదిలేసి ఎలా రమ్మంటావే? ఎవరో ఒకరు పక్కనుండాలి కదా."

ఆ మాట అతని నోట వినాలని నేను ఎన్ని రోజులు ఎదురుచూశాను! నెల్ గురించి అంటాడనుకున్నాను. నా గుండె అక్కడే, ఆ పసుపు గోడల మధ్యే పగిలిపోయింది. గొడవ పడలేదు. ఇన్నాళ్లూ షీట్‌లో తప్పులు వెతికాను గానీ, రావాలని అతనికి ఉందో లేదో ఒక్కసారైనా అడగలేదు. కోటు తొడుక్కుని, నా ఇంటి తాళంచెవి వంటింటి బల్లమీద వదిలేసి బస్సెక్కాను.

చిన్న ప్రార్థన మందిరం. తెల్లపెట్టె చెప్పుల డబ్బా కంటే పెద్దదేం కాదు. నేనే ఎత్తుకుని లోపలికి తీసుకెళ్లాను. ఆస్పత్రి తరఫున ప్రార్థన చేయడానికి వచ్చిన పెద్దావిడ ముందు నా వెనక ఉన్న తలుపు వైపు, తర్వాత గడియారం వైపు చూసింది.

"పాప నాన్నగారు దారిలో ఉన్నారా అమ్మా? ఇంకాసేపు ఆగుదాం, పర్లేదు."

"ఆగక్కర్లేదండీ, మొదలుపెట్టండి," అన్నాను. "రావాల్సినవాళ్లం ఇద్దరమూ వచ్చేశాం."