దీపక్ బండి

"లైటు నా మొహం మీద కాదు, ప్లగ్గు మీద పట్టు."

దీపక్ పోయి ఆరు నెలలైంది. బండి బాగుచేస్తూ నన్ను టార్చి పట్టమన్నప్పుడల్లా అనే ఈ మాట మాత్రం పోలేదు. పొద్దున్నే వరండాలో గోనెపట్టా పరుచుకుని అతని బండి ముందు కూర్చోగానే చెవి పక్కనే వినబడింది. తిరిగి చూశాను కూడా.

గళ్ళ టైర్ల చిన్న బండి. సూర్యలంక బీచి ఇసుకలో తిప్పుకోవడానికి బాపట్లలో ఎవరి దగ్గరో కొన్నాడు. రేపల్లె దాటి కరకట్ట దిగాక నేను పాఠాలు చెప్పే బడికి పోయే మట్టిదారిలో ఆటోలు రావు. ఎనిమిదేళ్ళు అతని వెనక కూర్చునే వెళ్ళాను. నడపడం నాకు పెళ్ళికి ముందే వచ్చు. "నువ్వు నడుపుతుంటే నేను వెనక కూర్చోవాలా?" అని దీపక్ నవ్వాక మళ్ళీ హ్యాండిల్ ముట్టుకోలేదు.

నా సెలవు నిన్నటితో అయిపోయింది. ఇవాళ బడిలో చేరాలి. మరిది రమేష్ బాబేమో పదింటికి తెనాలి నుంచి ట్రాలీ ఆటో తెచ్చి బండి పట్టుకుపోతానన్నాడు. "మీరు మాత్రం ఈ బండితో ఏం చేస్తారండి వదినా? ఉద్యోగం మానేసి, అమ్మని తీసుకుని మా ఇంటికొచ్చేయండి. పిల్లలకి చదువు చెప్పుకుంటా ఉండొచ్చు." పిల్లలంటే వాళ్ళ పిల్లలు. వంట ఎవరి వాటాకి వస్తుందో అతను చెప్పలేదు, నేనూ అడగలేదు. ఈ బండి కదలకపోతే నా బతుకు ఆ వంటింట్లోకి మారుతుంది.

పాత పెట్రోలు వంపేసి కొత్తది పోశాను. కిక్కు కొట్టాను. ఉలుకూ పలుకూ లేదు. "మెల్లగా. అదేమన్నా నీ రుబ్బురోలా?" మళ్ళీ దీపక్. ప్లగ్గు విప్పి, మసి గీకి, ఇంజనుకి ఆనించి మళ్ళీ కిక్కు కొట్టాను. నిప్పురవ్వ రాలేదు. "చెప్పాను కదా." చచ్చిపోయిన మనిషి కూడా చెప్పాను కదా అనగలడు. భయమేసింది. నిజం చెప్పాలంటే, అతను పోయినందుకు ఏడ్చినదానికంటే ఈ గొంతు పోనందుకే ఎక్కువ ఏడ్చాను.

ప్లగ్గు మీద తొడిగే రబ్బరు టోపీ లోపలికి వేలు పెట్టి చూశాను. గరుగ్గా తగిలింది. తెల్లటి పొడి, దాని కింద పచ్చటి చిలుము. ఈ తెలుపు నాకు తెలుసు. మా బోరు నీళ్ళు ఉప్పు. తోమిన గిన్నెలు వెంటనే తుడవకపోతే ఇదే పొర కడుతుంది. ప్రతి ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక దీపక్ బీచికి పోయొచ్చి, సముద్రపు ఇసుక వదలాలని బండిని బోరు పైపుతోనే గంటసేపు కడిగేవాడు. "ఉప్పుని ఉప్పుతోనే కడుగుతున్నారండి, రెండు బిందెలు కాలవ నీళ్ళు పొయ్యండి" అన్నాను ఒకసారి. "గిన్నెల సంగతి నువ్వు చూసుకో, బండి సంగతి నాకొదిలెయ్" అన్నాడు.

గరుకు కాగితంతో లోపలంతా గీకి, వైరు చివర కాస్త కత్తిరించి మళ్ళీ బిగించాను. ఈసారి నీలంగా రవ్వ ఎగిరింది. ప్లగ్గు బిగించి చోక్ లాగాను. గొంతు ఏదో అనబోయింది. మూడో కిక్కుకి ఇంజను అందుకుంది. ఆ మాటేమిటో నాకు వినబడలేదు.

లోపలి గదిలోంచి అత్తయ్య సామ్రాజ్యం గోడ పట్టుకుని పరుగులాంటి నడకతో వచ్చింది. కొడుకు పోయాక ఆ కళ్ళలో అంత వెలుగు నేను చూడలేదు.

"వచ్చావా దీపక్?"

ఇంజను ఆపెయ్యాలనిపించింది. ఆపలేదు.

"దీపక్ రాడండి అత్తయ్యా. నేను బడికెళ్తున్నాను. సాయంత్రం ఈ చప్పుడు మళ్ళీ వినబడుద్ది. అది నేనండి."