ఏడు వాటాలు పోగా మిగిలిన అడుగు

తాళాలు బాగుచేసే అతనికి పెద్దన్న మీద ఏడేళ్ళుగా కడుపుమంట. పెద్దన్న లెక్కల మాస్టారు. తండ్రి పోయాక పది లక్షల చదరపు అడుగుల నేలను ఏడుగురు తోబుట్టువులకూ పంచింది ఆయనే. తలా 1,42,857 అడుగులు వచ్చి, ఒక్క అడుగు మిగిలింది. ఆ ఇంట్లో ఏది పంచినా మిగిలింది కడగొట్టువాడిదని తండ్రి పెట్టిన కట్టుబాటు. కడగొట్టువాడు ఇతనే. మాస్టారు మాత్రం "దాని సంగతి నేను చూస్తాలే" అని కాగితం మడిచేశాడు.

ఐదో తరగతితో బడి మానినవాడికి లెక్క రాదనుకున్నాడు కాబోలు అని, ఆ రోజు గడప దిగినవాడు మళ్ళీ ఎక్కలేదు.

ఇప్పుడు వదిన కబురు పెట్టింది. జ్వరపడి లేచిన మాస్టారు ఇనప్పెట్టె నంబరు మర్చిపోయాడు. ఆస్పత్రి కాగితాలన్నీ అందులోనే ఉన్నాయి. పెట్టెకు ఆరంకెల చక్రాల తాళం.

"బెజ్జం వేస్తే ఐదు నిమిషాల పని. పెట్టె మాత్రం దక్కదు వదినా" అన్నాడు ఇతను, అన్న వైపు చూడకుండా.

"నాన్న పెట్టెరా అది" అన్నాడు మాస్టారు వరండా కుర్చీలోంచి.

ఇతను బెజ్జం మిషను కింద పెట్టేశాడు.

"నంబరు మన వాటాతోనే మొదలెట్టాను. ఏటా మార్చేవాణ్ణి. ఎలా మార్చానో గుర్తు రావట్లేదు" అన్నాడు మాస్టారే.

"రెండో ఏడు రెండుతో హెచ్చవేశారు, మూడో ఏడు మూడుతో" అంది వదిన. "లెక్క వేసిన కాగితం నాకు చూపించి మురిసిపోవడం ఒకటి, పిచ్చిమారాజు. ఎన్నో ఏట ఆపారో మరి."

ఇతను సుద్దముక్క తీసి పెట్టె మూత మీదే లెక్క మొదలెట్టాడు. రెండుతో వేస్తే 285714. తాళం కదల్లేదు. మూడుతో 428571. చెయ్యి ఆగింది.

"ఇదేంటి, అవే మొహాలు. కుర్చీలు మార్చుకుని కూర్చున్నాయంతే."

"ఆరు దాకా అంతేరా" అన్నాడు మాస్టారు, పాఠం అప్పగిస్తున్న పిల్లాడిలా ముందుకు వంగి. "వరస కూడా చెడదు. గుండ్రంగా తిరుగుతాయి."

నాలుగు, ఐదు, ఆరు. తాళం బిగుసుకునే ఉంది. ఏడుతో వేశాడు. అన్నీ తొమ్మిదులే.

"ఏడుగురం కలిసినా పది లక్షలకు ఒకటి తక్కువ" అన్నాడు మాస్టారు నెమ్మదిగా.

ఇతను చక్రాలన్నీ తొమ్మిదికి తిప్పాడు. పెట్టె టక్కుమని తెరుచుకుంది. ఆస్పత్రి కాగితాల పైన ముద్ర వేసిన దస్తావేజు ఉంది. మిగిలిన ఒక చదరపు అడుగు కడగొట్టు తమ్ముడి పేరిట. తేదీ పంపకాలయిన మూడోరోజు.

"ఇంతకాలం ఇవ్వలేదేం?"

"గడప దిగిపోయావుగా. పోట్లాడటానికైనా రాకపోతావా అని చూశా."

"ఎక్కడుందది?"

"ఈ కుర్చీ కాలు ఒకటి అందులోనే ఉంది. అద్దె అడుగుతావా?"

"ఊగుతోంది అన్నయ్యా అది. పడతావు."

ఇతను వంగి, సంచిలోంచి చెక్కముక్క తీసి ఆ కాలి కింద పెట్టాడు. కుర్చీ నిలబడింది. ఆస్పత్రి కాగితాలు వదినకిచ్చి, దస్తావేజు మళ్ళీ పెట్టెలోనే వేసి మూత మూశాడు. అన్నకు వదిలేసిన నేల కొలత: పన్నెండు అంగుళాల పొడవు, పన్నెండు అంగుళాల వెడల్పు.