మా గురువుగారి కుడి భుజం

నెల్లూరు వయొలిన్ వాళ్ళలో నన్ను పద్మనాభయ్యగారి కుడి భుజం అనేవాళ్ళు. పన్నెండేళ్ళు ఆయన దగ్గర నేర్చుకున్నాను. ఆయన పోయాక పదిహేనేళ్ళుగా ఆయన చెప్పిన పాఠాన్నే మా ఇంట్లో పిల్లలకు చెబుతున్నాను. కాబట్టి ఆ మాట వింటే కాస్త గర్వంగానే ఉండేది. మొన్న ఆషాఢంలో ఆ కుడి భుజమే పనిచేయడం మానేసింది. దువ్వెన పట్టుకున్న చెయ్యి చెవి దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

మా ఆవిడ స్వర్ణ తల దువ్వింది. ఇంకెవరికీ చెప్పొద్దన్నాను. హరినాథ్‌కి చెయ్యి లేవడం లేదట అని ఊళ్ళో పాకితే ఇక కచేరీకి పిలిచేదెవరు? పైగా రెండు నెలల్లో ముత్తుకూరులో గురువుగారి వర్ధంతి. ఏటా అక్కడ మొదట వాయించేది నేనే. ఈసారి వాయించలేకపోతే ఇక ఎప్పటికీ వాయించలేనని భయం పట్టుకుంది.

డాక్టరు చూసి, ఫిజియోథెరపీ చేసే వినీల అనే అమ్మాయి దగ్గరికి పంపాడు. ముత్తుకూరు పక్కన చేపల వేటకు వెళ్ళే వాళ్ళ పిల్ల. వయొలిన్ తెచ్చి తన ముందు వాయించమంది. నొప్పి ఓర్చుకుంటూ వాయించాను. నా చుట్టూ రెండుసార్లు తిరిగి, వెనక నిలబడింది.

"వాయించేటప్పుడు కుడి భుజాన్ని చెవి దాకా ఎందుకు ఎత్తతారు సార్?"

నాకు ఒళ్ళు మండింది. అది మా బాణీ అన్నాను. గురువుగారు అలాగే ఎత్తేవారని, ఆయన శిష్యుల్ని చివరి వరసలోంచి కూడా ఆ భుజం చూసి గుర్తుపడతారని పాఠం చెప్పాను. ఆ అమ్మాయి అంతా ఓపిగ్గా వింది.

"మా నాయన ముప్పై ఏళ్ళుగా వల లాగతా ఉండాడు సార్. భుజం ఎత్తి లాగేవోళ్ళు ఏడాది కూడా నిలబడరంట. మీది ఎత్తి ఎత్తి లోపల ఒరుసుకోని పోయింది. దించితేనే బాగయ్యేది."

సంగీతాన్ని వలతో పోల్చినందుకు దారి పొడుగునా సణుక్కుంటూ ఇల్లు చేరాను. ఆ సాయంత్రం పాఠంలో బిందు వర్ణం ముగించి కమాను కింద పెట్టింది. పద్నాలుగేళ్ళ పిల్ల, నా శిష్యుల్లో అందరికన్నా చురుకైనది. నేను చూడటం లేదనుకుని ఎడంచేత్తో కుడి భుజం నొక్కుకుంటోంది. ఎన్నాళ్ళుగా అని అడిగితే నెలయిందట. బాణీ పట్టుబడేటప్పుడు నొప్పి ఉంటుందేమోనని చెప్పలేదట. నా కోపం అంతా చప్పున దిగిపోయింది. ఆ భుజం ఎత్తడం దానికి నేర్పించింది నేనే. బాగా ఎత్తిన రోజున మెచ్చుకున్నాను కూడా.

కానీ గురువుగారి బాణీని నా ఇష్టం వచ్చినట్టు మార్చడానికి నేనెవరిని? ఆయన లేకపోయినా ఆయన భార్య రాఘవమ్మగారున్నారు. పండ్లూ తాంబూలమూ పట్టుకుని ముత్తుకూరు బస్సెక్కాను. ఎనభై ఏళ్ళ మనిషి పాదాలకు దణ్ణం పెట్టి, భుజం దించుకోవడానికి అనుమతి అడిగాను.

ఆమె దగ్గు వచ్చేదాకా నవ్వారు. తరవాత పైట కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు.

"అది బాణీ ఏంది నాయనా. ఆయన పదేళ్ళప్పుడు తాటిచెట్టు మీంచి పడినాడు. వాళ్ళ నాయన కొడతాడని ఎవురికీ చెప్పకుండా దాచినాడు. ఎముక వంకరగా అతుక్కునింది. ఆ భుజం మళ్ళీ దిగలా. బతికినన్నాళ్ళూ నొప్పితోనే వాయించినాడు."

నా ఎడంచెయ్యి దానంతటదే కుడి భుజం మీదికి పోయింది.

"మీరందరూ ఆయన్ని చూసి ఎత్తతా ఉంటే ఎంత బాధపడేవాడో. భుజం అని నోరు తెరిచి అంటే అందరూ తన భుజం చూస్తారని సిగ్గు. అందుకే ఉత్తగా దించు, దించు అనేవాడు గదా."

దించు. పన్నెండేళ్ళు ప్రతి పాఠంలోనూ విన్న మాట. గురువుగారు కళ్ళు మూసుకుని, అరచెయ్యి కిందికి ఊపుతూ అనేవారు. శబ్దం దించమంటున్నారనుకుని నేను కమాను బరువు తగ్గించేవాణ్ణి. అలా తగ్గించీ తగ్గించీ మెత్తని నాదమని పేరు తెచ్చుకున్నాను. దానికి ఒక ఊళ్ళో శాలువా కూడా కప్పారు. నేను దాచుకోవాలనుకున్నట్టే ఆయనా దాచుకున్నారు, అయినా మమ్మల్ని కాపాడాలని రోజూ ప్రయత్నించారు. తిరుగు బస్సులో కిటికీ వైపు ముఖం తిప్పుకుని ఏడ్చాను.

ఆ తరవాత ఏడు వారాలు వినీల చెప్పినట్టు విన్నాను. గోడ మీద వేళ్ళు పాకించమంటే బల్లిలా పాకించాను. ఇరవై నిమిషాలకోసారి వయొలిన్ కింద పెట్టమంటే పెట్టాను. అద్దం ముందు కూర్చుని, నా భుజాన్ని నేనే కాపలా కాశాను. బిందుకూ అదే శిక్షణ. శ్రావణం చివర్లో ఒక పొద్దున నా తల నేనే దువ్వుకున్నాను. పాపిడి వంకరగా వచ్చిందని స్వర్ణ నవ్వింది, అయినా సరిచేయనివ్వలేదు.

వర్ధంతి రోజు రాఘవమ్మగారి ఇంటి ముందు పందిట్లో, గురువుగారి పటం ఎదుట భుజం దించి వాయించాను. నా వయొలిన్‌లో అంత నాదం ఉందని నాకే తెలియదు. ముగించి, వెనక వరసలో వాళ్ళ నాన్న పక్కన కూర్చున్న వినీలకు రెండు చేతులూ తలపైకెత్తి దండం పెట్టాను. రెండు నెలల కిందట అయితే ఆ దండం పెట్టడం నా వల్ల అయ్యేది కాదు. ఆ అమ్మాయికి ఎంత రుణపడ్డానో చెప్పడానికి నాకు అంతకన్నా మంచి దారి కనిపించలేదు.

తరవాత బిందు వాయించింది. కాసేపు బాగానే ఉంది. పాట ఊపందుకోగానే పాత అలవాటు కొద్దీ భుజం మెల్లగా చెవి వైపు లేచింది. పక్కనే కూర్చున్న నేను చిన్నగా "దించు" అన్నాను.

వెంటనే కమాను తేలిక చేసింది. నాదం సన్నబడిపోయింది.

ముందు వరసలో రాఘవమ్మగారు తలెత్తి నా వైపు చూశారు. నేను కుడి చెయ్యి చాపి బిందు భుజం మీద వేశాను.

"శబ్దం కాదు తల్లీ, భుజం," అన్నాను, గురువుగారి పటం దాకా వినిపించేలా.