బొటనవేలికి అందని వేడి

చలికాలంలో మా దుకాణానికి గిరాకీ పడిపోతుంది. బళ్ల విడిభాగాలు అమ్మేవాడికి ఎండాకాలమే పంట. అయినా నేను మంచు ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూసేవాణ్ణి. కారణం పశువుల డాక్టరమ్మ.

ఆవిడ కొండమీది పశువుల కొట్టాలకు నాలుగు చక్రాల బండి మీద వెళ్తుంది. దానికి మోటారు సైకిలుకు ఉన్నట్టే హ్యాండిల్ ఉంటుంది. రాళ్లలోనూ మంచులోనూ ఎక్కేస్తుంది. కొండ దిగాక మొదట తగిలేది మా దుకాణమే. వేళ్లు పనిచెయ్యవు కాబట్టి తలుపును భుజంతో తోసుకుని వచ్చేది. చేతి తొడుగులు పళ్లతో లాగేసి, మా ఇనుప పొయ్యి ముందు చేతులు చాపేది. మా అక్క టీ ఇస్తే, ఆ గ్లాసును రెండు చేతుల మధ్యా పట్టుకుని చాలాసేపు తాగకుండా ఉంచుకునేది. ఏ ఆవు ఈనిందో, ఏ గుర్రం తన్నబోయిందో చెప్పేది.

వ్యాపారం లెక్కలో ఇది శుద్ధ దండగ. బొగ్గు మాది, టీ మాది, ఆవిడ కొనేది ఏమీ లేదు. కానీ ఆవిడ రాని రోజు దుకాణం మూస్తుంటే, ఏదో సరుకు తగ్గినట్టు అరలన్నీ మళ్లీ చూసుకునేవాణ్ణి. ఆవిడ ఒంటరిది. నేనూ ఒంటరివాణ్ణే. ఇద్దరికీ జుట్టు నెరిసింది. ఈ మాటలు పక్కపక్కన పెట్టి కూడిక వేసే ధైర్యం మాత్రం నాకు లేకపోయింది.

ఒకరోజు పొయ్యి దగ్గర నిలబడి అడిగింది.

“షావుకారు గారూ, హ్యాండిల్ పిడులకు తొడిగే వేడెక్కే గ్రిప్పులు వస్తున్నాయటగా? నా బండికి పెడతారా? నిన్న ఒక ఆవు కడుపులో దూడ అడ్డం తిరిగింది. లాగుదామంటే నా వేళ్లు వంగలేదు. ఇంకాస్త ఆలస్యమైతే తల్లీ బిడ్డా రెండూ పోయేవి.”

చేతులు వెచ్చగా ఉంటే ఇక మా పొయ్యి ఎందుకు?

“వస్తున్నాయి గానీ, బ్యాటరీని తినేస్తాయండీ. పైగా ఇప్పుడు సరుకు కూడా లేదు.”

లోపలి నుంచి అక్క అరిచింది. “లేకపోవడమేంట్రా! పై అరలో రెండు పెట్టెలుంటేనూ. కళ్లజోడు పెట్టుకుని చూడు.”

డాక్టరమ్మ నవ్వింది. “అమ్మే సరుకు దాచుకునే వ్యాపారిని ఇప్పుడే చూస్తున్నా.”

“మావాడికి వయసు మీదపడిందిలే అమ్మా,” అంటూ అక్క నావైపు ఒక చూపు విసిరింది.

మర్నాడే పెట్టాను. మనసులో ఏమున్నా చేతిపనిలో తేడా రానివ్వలేదు. పాత గ్రిప్పులు బ్లేడుతో చీల్చి తీసి, హ్యాండిల్ శుభ్రంగా తుడిచి, కొత్తవి జిగురుతో బిగించాను. తాళం తిప్పితేనే కరెంటు అందేలా తీగలు కలిపాను. ఆవిడ ఏ కొట్టం దగ్గరో స్విచ్చు ఆపడం మరిచిపోతే, బ్యాటరీ అయిపోయి కొండమీదే చిక్కుకుపోతుంది మరి.

ఆ తరువాత నేను అనుకున్నంతా అయింది. సాయంత్రం బండి చప్పుడు వినిపించేది, దుకాణం ముందు కాస్త నెమ్మదించేది, వెళ్లిపోయేది. అక్క మాత్రం అలవాటు కొద్దీ మూడో గ్లాసు కడిగి పెట్టేది. నేను ఆ గ్లాసు వైపు చూడకుండా రసీదులు రాసుకునేవాణ్ణి.

వారం తిరిగాక తలుపు తెరుచుకుంది. ఈసారి భుజంతో కాదు, చేత్తోనే.

“చేతులు వెచ్చగా ఉన్నాయండీ. ఇది ఒక్కటే కొయ్యబారిపోతోంది,” అంటూ కుడి బొటనవేలు చూపించింది.

నాకు వెంటనే వెలిగింది. ఈ బండికి పిడి తిప్పితే వేగం రాదు, బొటనవేలితో మీట నొక్కాలి. ఆ మీట ఇనుములా చల్లగా ఉంది. నేను దాని ఊసే మరిచిపోయాను.

“తప్పు నాదేనండీ. నాకు అలవాటు మోటారు సైకిళ్లే కదా.”

“అందుకేనా కుడివైపు తీగ అంత వదులుగా వదిలారు? కొమ్మ తగులుకుంటుందేమోనని భయంగా ఉంది.”

“వాటికి కుడి పిడి తిరుగుతుంది, తీగ తెగకూడదని వదులుగా ఉంచుతాం. మీ బండికి అక్కర్లేదు. బుర్ర మోటారు సైకిలెక్కి పోయింది.”

ఆవిడ పకపకా నవ్వింది. మీటకు అంటించే వేడి పట్టీ కూడా మా దగ్గర ఉంది. ఈసారి అక్క అరవక ముందే నేనే చెప్పాను. “ఉందండీ. పై అరలోనే.”

తీగ బిగించి, పట్టీ అంటించాను. జిగురు ఆరేదాకా ఆవిడ పొయ్యి దగ్గర కూర్చుంది. ఇక దాచుకోవడానికి నా దగ్గర సరుకేమీ మిగల్లేదు.

“ఇది పెట్టాక కూడా ఈ పొయ్యి వెలుగుతూనే ఉంటుందండీ,” అన్నాను, నేల చూస్తూ.

ఆవిడ కుడి బొటనవేలిని పొయ్యికి దగ్గరగా చాపింది.

“మీ పొయ్యి పొగ కొండమీది నుంచే కనిపిస్తుంది,” అంది. “వారమంతా దాన్ని చూస్తూనే దిగాను. చేతులు వెచ్చగా పెట్టుకుని, ఏమని లోపలికి రావాలో తెలియలేదు.”

అక్క మూడో గ్లాసు తెచ్చి ఆవిడకు అందించింది. ఆవిడ దాన్ని ఒక్క చేత్తోనే పట్టుకుంది.