మూత పెట్టిన అన్నం గిన్నె

“పుస్తకం చదివి ఏడ్చే కోడల్ని ఈ ఇంట్లో ఇప్పుడే చూస్తున్నాను,” అంది మా అత్తగారు, పిండి గిన్నె నా వైపు జరుపుతూ. “లే టీచరమ్మా. చేప ముక్కలు ఇంకా రెండు పళ్ళేలున్నాయి.”

రేపు ఛుసొక్, కొరియా అంతా పెద్దల్ని తలుచుకునే పండగ. పొద్దున్నే మా ఆయన తాతముత్తాతలకు నైవేద్యం పెట్టాలి. ఏటా ముందురోజంతా ఆండోంగ్‌లో, మా అత్తగారి ఈ వంటింటి నేల మీద కూర్చుని, నేనూ మా తోడికోడలు మిసనూ చేప ముక్కలకూ సొరకాయ చక్రాలకూ పిండి అద్ది, గుడ్డు సొనలో ముంచి వేయిస్తాం. వండేది మేం. రేపు నైవేద్యం బల్ల ముందు మోకరిల్లేది మగవాళ్ళు. ఇరవై రెండేళ్ళుగా ఇంతే.

మిసన్ గుడ్లు గిలక్కొడుతుంటే, ఆ కాస్త వ్యవధిలో సంచిలోంచి నవల తీశాను. సెలవుల తర్వాత మా బడి పిల్లలతో చదివించాల్సిన పుస్తకం. పాఠం చెప్పడానికి కదా అని పెన్సిల్ పట్టుకునే చదువుతున్నాను. అందులో ఒక ముసలామె, ఇంటికి రాని కూతురి కోసం రోజూ గిన్నెలో అన్నం పెట్టి, మూత పెట్టి, అడుగున పొయ్యి వేడితో వెచ్చబడే గది నేల మీద దుప్పటి కింద దాస్తుంది. మా అమ్మా అలాగే దాచేది. కథలో కూతురు వచ్చేసరికి తల్లి ఉండదు. దుప్పటి ఎత్తితే గిన్నె ఉంటుంది. రచయిత్రి అక్కడ ఒక్క మాటే రాసింది, అన్నం చల్లారిపోయిందని. ఆపైన నాకు అక్షరాలు కనిపించలేదు.

ముందు గదిలో టీవీ చూస్తున్న మా ఆయన చాంగ్‌గు గుమ్మం దాకా వచ్చాడు. “మీ అమ్మ పోయినప్పుడు ఒక్క చుక్క రాల్చలేదు. ఇప్పుడు ఎవరో అల్లిన కట్టుకథకా!” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

నిజమే, ఏడవలేదు. అమ్మకు నేనొక్కదాన్నే. కొడుకుల్లేరు కనుక అంత్యక్రియల్లో అమ్మ పటం పక్కన కర్తగా అల్లుడు నిలబడ్డాడు. నేను మూడు రోజులూ పరామర్శకు వచ్చిన అతని ఆఫీసు వాళ్ళకు మాంసం పులుసు వడ్డించాను. “కారం సరిగ్గా సరిపోయిందమ్మా,” అన్నారు ఒకాయన. థాంక్స్ చెప్పాను.

అంతకు ముందు సంగతి ఎవరికీ చెప్పలేదు. పోయిన ఏడాది ఇదే తిథి నాడు, ఇదే పెనం ముందు ఉండగా అమ్మ ఉండే ఊరు యంగ్జులోని ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. “పెద్దవాళ్ళకు ఒంట్లో బాగోకపోవడం మామూలే. చేతిలో పని ముగించి వెళ్ళు,” అంది అత్తగారు. రెండు పళ్ళేలు వేయించాను. బస్సులో యాభై నిమిషాలు. నేను వెళ్ళేసరికి అమ్మ ముఖం మీద గుడ్డ కప్పి ఉంది. నన్నెవరూ కట్టేయలేదు. ముగించమన్నారు, ముగించాను.

ఈ రోజు అమ్మ సంవత్సరీకం. నైవేద్యం పెట్టడానికి నేను తప్ప ఎవరూ లేరు. వారం క్రితం చెబితే, “ఒక రోజు అటూ ఇటూ అయితే మీ అమ్మేం కోప్పడదులే,” అన్నాడు చాంగ్‌గు. ఇక ఏటా ఆ తిథీ ఈ వంటా ఒకే రోజు వస్తాయి.

లేచి ముఖం కడుక్కున్నాను. కుక్కర్లోంచి వేడి అన్నం స్టీలు గిన్నెలోకి తీసి, మూత పెట్టి, తువ్వాల్లో చుట్టాను.

“ఎక్కడికి?” అంది అత్తగారు.

“మా అమ్మ దగ్గరికి, అత్తయ్యా.”

“ఇవాళేనా? సరే, పెనం మీదవి ముగించి వెళ్ళు.”

మిసన్ వేసిన నాలుగు ముక్కలు ఒక వైపే కాలి ఉన్నాయి. ఆమె తలెత్తకుండానే, “రెండింటికి బస్సుంది అక్కా,” అంది.

అట్లకాడ తీసి చాంగ్‌గు చేతిలో పెట్టాను. “రెండో వైపు మీరు తిప్పండి. మీ తాతగారికే కదా.”

బస్సులో గిన్నె ఒళ్ళో పెట్టుకున్నాను. యంగ్జులో, కొండ మీద అమ్మ అస్థికలు ఉంచిన అర ముందు తువ్వాలు విప్పి, మూత మీద చెయ్యి వేశాను.

ఇంకా వెచ్చగానే ఉంది.